కుర్చీ వదిన

ఆ స్టేషన్‌కి ఆడ పోలీసుని ఇవ్వలేదు. బదులుగా ఎస్సై గారి భార్యని ఇచ్చారు. ఎవరిచ్చారని అడిగితే చెప్పే నాథుడు లేడు. ఆమెకి ఉత్తర్వు లేదు, జీతం లేదు, యూనిఫాం లేదు. విచారణకని ఎవరైనా ఆడమనిషిని తీసుకొస్తే గదిలో మరో ఆడమనిషి ఉండి తీరాలని నియమం. ఆ స్టేషన్‌కి పంపాల్సిన ఆడ కానిస్టేబుళ్ళు ఎప్పుడు చూసినా ఏ పెద్దమనిషి ఇంటి ముందో, ఏ సభ దగ్గరో బందోబస్తులో ఉంటారు. అందుకని స్టేషన్ వెనక క్వార్టర్స్‌కి మనిషిని పంపి ఈమెను పిలిపించేవాళ్ళు. ఆమె వచ్చి లోపలి గదిలో గోడవారగా వేసిన చెక్క కుర్చీలో కూర్చునేది. దాంతో నియమం నెరవేరినట్టే.

మొదటిసారి భర్త బతిమాలాడు. "కాసేపు వచ్చి కూర్చోవే. నువ్వేం మాట్లాడక్కర్లేదు. కావాలంటే నీ కుట్టుపని తెచ్చుకో" అన్నాడు. తర్వాతసారి బతిమాలలేదు, చెప్పాడు. ఆ తర్వాత చెప్పడానికి తను రావడం కూడా మానేసి కానిస్టేబుల్ని పంపడం మొదలుపెట్టాడు. పొయ్యి మీద ఏముంటే అది ఆర్పేసి రావాలి. పిల్ల స్కూల్నుంచి వచ్చే వేళయితే పక్కింట్లో చెప్పి రావాలి.

ఆమె ఇంట్లో కూర్చుని ఒక రెడీమేడ్ దుకాణానికి చొక్కాల కాజాలు కుట్టేది. స్టేషన్ పిలుపుల వల్ల చొక్కాలు వేళకి అందేవి కావు. దుకాణం యజమాని ముఖం చిట్లించుకుని, "మీ ఆయన లాఠీ గుర్తొచ్చి ఊరుకుంటున్నానమ్మా, లేకపోతే ఈ పని ఎప్పుడో ఇంకొకరికి ఇచ్చేవాణ్ణి" అనేవాడు. ఆమె సంచీ తీసుకుని వచ్చేసేది. భర్తకి చెప్పేది కాదు. చెప్తే ఆయన వెళ్ళి ఆ యజమానిని ఏమంటాడోనని భయం.

స్టేషన్‌లో అందరూ ఆమెను ముఖం మీద "వదినా" అనేవాళ్ళు. వెనకాల "కుర్చీ వదిన" అనేవాళ్ళు. వెనకాల అనేది కూడా ఆమెకి వినపడేది. నవ్వి ఊరుకునేది.

ఆ కుర్చీకి ఇంకో ఆచారం ఉంది. విచారణ మొదలై కొంతసేపు గడిచాక, ఒక కానిస్టేబులు తలుపులోంచి తల పెట్టి, "వదినా, ముఖం వాడిపోయింది. ముందు వరండాలోకి వెళ్ళి టీ తాగి రండి" అనేవాడు. అతన్ని స్టేషన్‌లో పంచదార అంటారు. నోట్లోంచి వచ్చే ప్రతి మాటా తియ్యగా ఉంటుంది. చేతి సంగతి అతని కింద నలిగినవాళ్ళనే అడగాలి. ఆమె లేచి వరండాలోకి వెళ్ళేది. గ్లాసు చేతికొచ్చేలోపే పక్కన, స్టేషన్ రికార్డులు రాసే రైటర్ గదిలో రేడియో గొంతు పెరిగేది. పాటలు. టీ అయిపోయి ఆమె తిరిగి వచ్చే వేళకి రేడియో తగ్గేది. గది ఎలా ఉన్నది అలాగే ఉండేది. బల్ల అక్కడే, కుర్చీ అక్కడే. నేల మాత్రం అప్పుడే కడిగినట్టు తడిగా ఉండేది. అంతకుముందు ఏడ్చిన మనిషి ఏడుపు ఆపేసి ఉండేది. అరిచిన మనిషి తల దించుకుని అన్నిటికీ "అవునయ్యా" అంటూ ఉండేది.

ఆమె భర్తను ఏమీ అడగలేదు. ఆయనా ఏమీ చెప్పలేదు. ఇంటికొచ్చి ఆయన పిల్ల పక్కన కూర్చుని లెక్కలు చేయించేవాడు, పెన్సిళ్ళు చెక్కి పెట్టేవాడు. అడగని ప్రశ్నలు ఆ ఇంట్లో, మంచం కింద దుమ్ములా, ఎవరూ వంగి చూడని చోట పేరుకుంటూ వచ్చాయి.

ఆ రోజు పొద్దున కబురు రాలేదు. భర్తే బూట్లు వేసుకుంటూ, "ఇవాళ నాతోనే రా. పొద్దున్నుంచీ ఉండాల్సి ఉంటుంది" అన్నాడు.

"అంత పొద్దున్నేనా? ఏమిటంట?"

"పెద్దింటి వ్యవహారం. గొలుసు పోయింది. మంచం పట్టిన ముసలావిడ మెళ్ళోది. చూసుకునే ఆయా మీద అనుమానం."

"ఆయా తీసిందని ఎవరు చూశారు?"

"చూస్తే ఇంక విచారణ ఎందుకే? సాయంత్రంలోగా తేలాలన్నాడు ఇన్‌స్పెక్టర్."

"తేలకపోతే?"

ఆయన లేసు ముడి బిగిస్తూ తలెత్తలేదు. "తేలుతుంది" అన్నాడు.

పిల్ల వచ్చి తన బూట్లు కూడా ముందుకు చాపింది. దాని లేసులు నాన్నే కట్టాలి. ఇంకెవరు కట్టినా బడి గేటు దాటేలోపు ఊడిపోతాయని తండ్రీకూతుళ్ళ నమ్మకం. కూతురంటే ఆయనకి అంత ప్రాణం. ఒకసారి బళ్ళో జ్వరం వచ్చిందని ఫోనొస్తే, పై అధికారి తనిఖీ జరుగుతుండగానే టోపీ కూడా పెట్టుకోకుండా బండెక్కి వెళ్ళిపోయాడు. దానికి మెమో ఇచ్చారు. మెమో ఇచ్చినా ఇంటికి నవ్వుతూనే వచ్చాడు.

పిల్లను బడి దగ్గర దించి ఇద్దరూ స్టేషన్‌కి వెళ్ళారు. గుమ్మం దగ్గర సెంట్రీ ఆమె ఫోను తీసి సొరుగులో పెట్టాడు. సంచీలో చొక్కాలు ఉంచనిచ్చాడు, సూదీ దారం ఉంచనిచ్చాడు, కత్తెర మాత్రం తీసేసుకున్నాడు. దారం పళ్ళతో తెంపుకోవాలి. అది ఆమెకి అలవాటే.

ఆయా అప్పటికే లోపలి గదిలో నిలబడి ఉంది. నడివయసు మనిషి. పనిలో వేసుకునే ఏప్రాన్ ఇంకా ఒంటి మీదే ఉంది, ముందు భాగం తడిసి పొట్టకి అంటుకుపోయింది. ముసలావిడకి ఒళ్ళు తుడుస్తుండగా జీపు ఎక్కించారట. కాళ్ళకి స్నానాల గదిలో వేసుకునే రబ్బరు చెప్పులు.

ఆ గది గురించి చెప్పాలి. నడుము ఎత్తు దాకా ముదురు రంగు పూసిన గోడలు. పైన ఎవరి చెయ్యీ అందనంత ఎత్తులో ఒక వెంటిలేటరు. ఒక బల్ల. నేల ఒక మూలకి వాలుగా ఉంటుంది, ఆ మూల నీళ్ళు పోయే తూము. వంటగదీ కాదు, స్నానాల గదీ కాదు. ఆఫీసు గదికి తూము ఎందుకని ఆ భవనం కట్టినవాళ్ళని ఎవరూ అడిగి ఉండరు.

ఇన్‌స్పెక్టర్ వచ్చి బల్ల అంచు మీద కూర్చున్నాడు. ఆయన గొంతు పెంచడు. పెంచాల్సిన అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదు.

"గొలుసు ఎక్కడ పెట్టావు?"

"నేను తియ్యలేదయ్యా."

"తీశావా అని నేనడగలేదు. ఎక్కడ పెట్టావని అడిగాను."

"తియ్యంది ఎక్కడ పెడతానయ్యా?"

"తెలివైనదానివే" అన్నాడాయన. మెచ్చుకున్నట్టే అన్నాడు. కాసేపు అదే ప్రశ్నని అటు తిప్పీ ఇటు తిప్పీ అడిగి, "ఆలోచించుకో. మాకేం తొందర లేదు" అని బయటికి వెళ్ళాడు. తొందర లేదన్న ఆ మాట గదిలో చాలాసేపు ఉండిపోయింది.

ఇద్దరు ఆడవాళ్ళు మిగిలారు. ఆయా నిలబడే ఉంది. వదిన కాజా కుడుతోంది.

"మీరూ పోలీసేనా అమ్మా?" అనడిగింది ఆయా.

"కాదు. ఎస్సై గారి భార్యని."

"మరి ఇక్కడెందుకున్నారు?"

"నీ కోసమే" అంది వదిన. నియమం ప్రకారం అదే నిజం. ఎప్పుడూ పైకి అనలేదు గనక, అన్నాక ఆ మాట తన చెవికే అబద్ధంలా వినపడింది.

ఆయా ఆమె వంక అలా చూసింది. ఆ కళ్ళల్లో ఒక్కసారిగా ఎంత నమ్మకం కనిపించిందంటే, వదిన వేలికి సూది గుచ్చుకుంది.

"నా పనీ ఇదేనమ్మా. కూర్చోవడం. ముసలావిడకి మందులు నేనియ్యను, నర్సు ఇస్తుంది. అన్నం ఇంకొకరు పెడతారు. నేను ఒళ్ళు తుడిచి పక్కన కూర్చుంటానంతే. నేను లేచానంటే ఆవిడ చెయ్యి గాల్లో వెతుక్కుంటుంది, పసిపిల్లలా గుక్క పట్టి ఏడుస్తుంది. మాట రాదు గదా. అందుకని నేను లేవను. ఇవాళ ఎవరు కూర్చున్నారో ఏమో" అంది ఆయా. గొలుసు గురించి కాదు, ఆ చెయ్యి గురించే ఆమె దిగులు.

వదిన పళ్ళతో దారం తెంపుకుంది. ఇంకో చొక్కా తీయలేదు.

పంచదార తలుపులోంచి తల పెట్టాడు. "వదినా! పొద్దున్నుంచీ కుట్టీ కుట్టీ కళ్ళు ఎర్రబడ్డాయి. వరండాలో వేడివేడి టీ రెడీ. లేవండి లేవండి."

"ఇక్కడికే తెచ్చివ్వు బాబూ."

"ఇక్కడ తాగకూడదు కదా. రూలు."

"అయితే వద్దులే."

"వద్దంటే ఎలా వదినా? మీకు టీ ఇవ్వలేదని తెలిస్తే సార్ నా తోలు తీస్తారు" అని నవ్వాడు. ఆ నవ్వు ఇంకా ముఖం మీద ఉండగానే, అతని వెనక రైటర్ గదిలో రేడియో ఒక్కసారిగా మారుమోగింది. పెళ్ళి పందిట్లో మోగినట్టు పాట. అక్కడ కూర్చున్నవాడికి అది రోజూ చేసే పని. పంచదార పిలవడానికి వెళ్ళాడంటే వదిన లేచినట్టే, వదిన లేచిందంటే రేడియో పెంచినట్టే. ఇవాళ ఆమె లేవలేదని వాడికి తెలీదు.

ముగ్గురూ ఆ పాట విన్నారు. పంచదార నవ్వు అలాగే బిగుసుకుపోయింది. మెడ వెనక్కి తిప్పి అరిచాడు:

"ఒరేయ్, తగ్గించరా! ఇంకా బయటికి రాలేదు!"

రేడియో తగ్గింది.

ఆ ఒక్క మాటతో, ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో వంగి చూడనిదంతా వెలుగులోకి వచ్చి పడింది. ఆయాకి కూడా అర్థమైంది. రెండడుగులు వెనక్కి వేసి, కుర్చీ పక్కన నేల మీద కూలబడి, కుర్చీ కాలు పట్టుకుంది. మనిషి చెయ్యి పట్టుకునే చనువు లేక కుర్చీ కాలు పట్టుకుంది.

"మీరు లేవకండమ్మా" అంది.

"లేవను" అంది వదిన.

భర్త వచ్చాడు. గుమ్మంలోనే ఆగి గొంతు తగ్గించి, "ఏమిటీ నాటకం? టీ తాగి రమ్మంటే ఏమైంది?" అన్నాడు.

"దాహం లేదండీ."

"దాహం లేకపోయినా లే."

"నేను లేచాక ఇక్కడ ఏం జరుగుతుందో చెప్పండి. లేస్తాను."

ఆయన పంచదార వంక చూశాడు, గోడ వంక చూశాడు. "ఏం జరుగుతుంది? ఏమీ జరగదు."

"ఏమీ జరగనిదానికి నేనుంటే అడ్డేమిటి?"

"నా ఉద్యోగంతో ఆడుకుంటున్నావు."

"ఆడుకోవడం లేదు, కూర్చున్నాను. మీరు కూర్చోమన్న చోటే."

ఆయన చెయ్యి చాచి భార్య మోచెయ్యి పట్టుకోబోయాడు. కింద కూర్చున్న ఆయా ఆయన వైపే చూస్తోంది. ఏమనుకున్నాడో చెయ్యి వెనక్కి తీసుకుని వెళ్ళిపోయాడు. బయట ఇన్‌స్పెక్టర్ గొంతు వినిపించింది, ఎప్పట్లాగే నెమ్మదిగా. "ఉండనివ్వవయ్యా. ఎంతసేపు కూర్చుంటుంది?"

ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. అదే భయంకరం. ముందు ఫ్యాను ఆగింది. స్విచ్చి గది బయట ఉంటుంది. ఉక్కపోతకి ఆయా ఏప్రాన్ ఆరింది, మళ్ళీ చెమటకి తడిసింది. తర్వాత పంచదార ఒక కర్ర తెచ్చి, చాలా మర్యాదగా, బల్ల మీద అడ్డంగా పెట్టి వెళ్ళిపోయాడు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. దాని పని అక్కడ పడుండటమే. మధ్యమధ్య రేడియో కాస్త పెరిగేది, తగ్గేది. ఎవరో మీట మీద వేలు పెట్టి ఎదురుచూస్తున్నారు.

వదిన సంచీలో నీళ్ళ సీసా ఉంది. ఆయాకి ఇచ్చింది. తను తాగలేదు. తాగితే పెరడు దాటి లెట్రిన్‌కి వెళ్ళాల్సి వస్తుంది. వెళ్ళడమంటే లేవడమే.

మధ్యాహ్నం దాటాక పంచదార పరుగెత్తుకుంటూ వచ్చాడు. ముఖంలో తీపి లేదు. "వదినా, బడి నుంచి ఫోనొచ్చింది! పాప మెట్ల మీంచి పడిందంట! కాలు విరిగినట్టుందంట! త్వరగా రండి!"

ఆమె లేచింది. అనుకుని లేవలేదు, ఒళ్ళే లేచింది. ఒళ్ళో చొక్కాలు కింద పడ్డాయి. గుమ్మం వైపు ఒక అడుగు పడింది కూడా. వెనక ఆయా ఆపలేదు, "వెళ్ళండమ్మా, వెళ్ళండి, బిడ్డ" అంది. ఆ పరిస్థితిలో ఆ మనిషి అన్న మాట అది.

అప్పుడు గోడ అవతల కిర్రుమని కుర్చీ చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ఆమెకి తెలుసు. అది భర్త గదిలో ఆయన కూర్చునే కుర్చీ. ఆలోచించుకునేటప్పుడు అలా వెనక్కీ ముందుకీ ఊగుతాడు.

"మీ సార్‌కి చెప్పావా?" అంది.

"చెప్పాను వదినా, ముందు ఆయనకే చెప్పాను."

"ఆయన ఇంకా కూర్చునే ఉన్నారే?"

పంచదార వెనక్కి, సార్ గది వైపు చూశాడు.

"బిడ్డకి జ్వరమొస్తేనే టోపీ లేకుండా పరుగెత్తిన మనిషి, కాలు విరిగితే కుర్చీలో ఊగుతారా?"

అది అబద్ధమని అప్పుడు పూర్తిగా నమ్మకం కుదిరిందని ఆమె ఇప్పటికీ చెప్పదు. ఒకవేళ నిజమైతే? ఆ ఒకవేళ గుండెలో రాయిలా పడుతూనే ఉంది. ఆ రాయితోనే వెనక్కి తిరిగి కూర్చుంది. ఆ మధ్యాహ్నం గడవడం ఆమెకి ఆ రోజంతటిలోకీ కష్టం. ఒక బిడ్డ నొప్పితో ఏడుస్తోందేమోనన్న ఊహ ఒక వైపు, తను కదిలితే ఏం జరుగుతుందో తెలిసిన మనిషి ఇంకో వైపు. అలాంటి తూకంలో ఒక తల్లిని కూర్చోబెట్టిన వ్యవస్థకి నేను పెట్టే పేరు అచ్చులో రాయడానికి పనికిరాదు.

పొద్దు వాలుతుండగా ఆయా నెమ్మదిగా అంది, "అమ్మా, ఇంక ఆగలేను."

వదిన లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. ఈసారి కుర్చీ కాలు కాదు, చెయ్యే. గుమ్మం దగ్గర పంచదార అడ్డం నిలబడ్డాడు.

"ఒక్కొక్కరే వెళ్ళాలి వదినా."

"నేను కాపలా కదా? కాపలా లేకుండా నీ ముద్దాయి పారిపోతే?" అంది వదిన.

వరండాలో ఎవరో ఫక్కుమన్నారు. పంచదార పక్కకి జరిగాడు. ఇద్దరు ఆడవాళ్ళు చేతులు వదలకుండా పెరడు దాటి వెళ్ళారు, ఒకరు లోపలికెళ్తే మరొకరు తలుపు పట్టుకున్నారు, చేతులు వదలకుండా తిరిగొచ్చారు. స్టేషన్‌లో ఉన్నవాళ్ళంతా పని ఆపి ఆ నడక చూశారు. భర్త కిటికీలోంచి చూశాడు.

చీకటి పడ్డాక ఆడమనిషిని స్టేషన్‌లో ఉంచకూడదని ఇంకో నియమం. చీకటి పడకముందే ఇన్‌స్పెక్టర్ గదిలోకి వచ్చి ఆయాతో అన్నాడు: "వెళ్ళు. రేపు పొద్దున్నే రా. రాకపోతే మేమొస్తాం." తర్వాత వదిన వైపు తిరిగి చేతులు జోడించాడు. "చాలా శ్రమపడ్డారమ్మా. ఇక మీదట మీకు శ్రమ ఇవ్వం." వెళ్తూ వెళ్తూ ఎస్సైతో, ఆమెకి వినపడేలాగే, "రేపు డ్రైవర్ భార్యని పిలిపించు. ఆమెకి టీ అంటే ఇష్టమట" అన్నాడు.

బడి నుంచి పక్కింటివాళ్ళు తీసుకొచ్చిన పిల్ల ఇంట్లో గంతులు వేస్తోంది. వదిన దాని రెండు కాళ్ళూ తడిమి తడిమి చూసింది. "ఏంటమ్మా, చక్కిలిగిలి" అని నవ్వింది పిల్ల.

భర్త బూట్లు విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు.

"నన్ను ఎక్కడికో విసిరేస్తారు. తెలుసా?"

"విసరనివ్వండి."

"పిల్ల చదువో?"

ఆమె ఆయన ఎదురుగా నిలబడింది. "పిల్ల కాలు విరిగిందని చెప్పి పంపింది మీరేనా?" అని అడిగింది.

పిల్ల అవతలి గదిలో ఏదో పాఠం పైకి చదువుకుంటోంది. ఆయన అటే చూస్తూ, "నేను కాదు" అన్నాడు.

"కానీ విన్నారు."

"విన్నాను."

"విని కూర్చున్నారు."

ఆయన బూటు లేసు విప్పడం మొదలుపెట్టాడు. ముడి పడింది. దాంతోనే కుస్తీ పడుతూ ఉండిపోయాడు.

మర్నాడు ఆమె క్వార్టర్స్ దారిన కాకుండా వీధి చుట్టూ తిరిగి, మలుపులో ఆయా కోసం కాచి, ఆమెతో కలిసి ముందు గేటులోంచి వచ్చింది. సెంట్రీ కంగారుపడ్డాడు.

"మిమ్మల్ని పిలవలేదు కదా వదినా!"

"పిలవలేదు. వచ్చాను. వరండాలో జనం కూర్చోకూడదని రూలేమైనా ఉందా?"

లేదు. ఆయాని లోపలికి తీసుకెళ్ళారు, తలుపు మూశారు. డ్రైవర్ భార్య, పాపం, అప్పటికే ఆ కుర్చీలో ఉంది. వదిన వరండా బల్ల మీద కూర్చుంది. కొంతసేపటికి డ్రైవర్ భార్య టీకని బయటికి వచ్చింది. రేడియో మోగింది. వదిన లేచి మూసిన తలుపు మీద దబదబా కొట్టింది.

"అక్కా, ఉన్నావా?"

రేడియో ఇంకా పెంచారు. ఆమె ఇంకా గట్టిగా కొట్టింది. వరండాలో ఫిర్యాదులకి వచ్చిన జనం తలలు తిప్పారు. డ్రైవర్ భార్య చేతిలో గ్లాసుతో అలాగే నిలబడిపోయింది.

"అక్కా, ఉన్నావా?"

"ఉన్నానమ్మా!" అని లోపల్నుంచి వచ్చింది.

ఆ రోజు నుంచీ అదే తంతు. ఆయాని రోజూ రమ్మంటున్నారు. వదినా రోజూ వెళ్తోంది. తలుపు కొడుతోంది, పిలుస్తోంది, జవాబొచ్చేదాకా కొడుతోంది. ఇప్పటిదాకా జవాబు వస్తోంది. ఒక రోజు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యం గురించి ఆయా ఏమీ చెప్పడం లేదు, నడిచేటప్పుడు మాత్రం ఒక కాలు జాగ్రత్తగా వేస్తోంది.

గొలుసు ఎవరు తీశారో నాకు తెలియదు. ఆయా తీయలేదని వదిన నమ్మకం. నేను ఆ వాదనలోకి వెళ్ళను. తీసిందే అనుకుందాం. తీసిన మనిషిని కోర్టులో నిలబెట్టండి. తూమున్న గదిలో కాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఎస్సై గారికి బదిలీ ఉత్తర్వు వచ్చేసింది. ఈ వారంలోనే క్వార్టర్స్ ఖాళీ చేయాలి. దూరం ఊరు. వదిన సామాన్లు సర్దుతోంది, సర్దుతూనే పొద్దున్నే వరండాకి వెళ్తోంది. వెళ్ళిపోయాక ఆ తలుపు కొట్టేవాళ్ళు లేరు. ఇన్‌స్పెక్టర్‌కి ఆ సంగతి తెలుసు. ఆయనకి తొందర లేదు. ఆయన ఎదురుచూస్తున్నాడు.

నేను ఇది రాస్తున్నది జాలి పుట్టించడానికి కాదు. మీకు పని చెప్పడానికి. ప్రతి స్టేషన్‌లోనూ ఆడ పోలీసులు స్టేషన్‌లోనే ఉండాలని అడగండి, గుంపుగా వెళ్ళి అడగండి, వాళ్ళు బందోబస్తులో ఉన్నారని చెప్తే ఎవరి బందోబస్తని అడగండి. అది సాధించడానికి నెలలు పట్టొచ్చు. అందాకా ఒక పని రేపే చేయొచ్చు. మీ వీధిలో ఆడమనిషిని ఎవరినైనా జీపు ఎక్కించారని తెలిస్తే, ఆమె మీకు నచ్చినా నచ్చకపోయినా, తప్పు చేసిందని మీరనుకున్నా సరే, వెళ్ళండి. ఒక్కరు వెళ్తే బెదిరించి పంపేస్తారు, పక్కింటావిడని వెంటబెట్టుకోండి. మొగుళ్ళకి చెప్పి వెళ్ళండి, వద్దంటే చెప్పకుండా వెళ్ళండి. మగవాళ్ళు ఇది చదువుతుంటే మీరూ వెళ్ళండి, వరండా అందరిదీ. గదిలో ఉన్న ఆడమనిషి ఎవరు, పోలీసేనా, కాకపోతే ఎవరి భార్య అని అడగండి. లోపలున్న మనిషిని పేరు పెట్టి పిలవండి. తలుపు కొట్టండి. జవాబొచ్చేదాకా కొడుతూనే ఉండండి.